ఎదురు పార్టీ ఏజెంటు

గుమ్మడిదల దగ్గర రాజవ్వ ఊళ్లో సర్పంచి, సొసైటీ చైర్మన్, రేషన్ డీలరు, ఆఖరికి బోనాలకు చందాలు రాసేవాడు కూడా అధికార పార్టీ మనుషులే. పదేళ్లుగా రాష్ట్రంలో ఆ పార్టీదే రాజ్యం. అసెంబ్లీ ఎన్నికలు వచ్చేసరికి ఎదురు పార్టీ తరఫున పోలింగ్ బూత్‌లో ఏజెంటుగా కూర్చోవడానికి ఒక్క మనిషీ దొరకలేదు. యాభై రెండేళ్ల రాజవ్వ నేను కూర్చుంటానంది.

ఆమెకు పార్టీలతో పనిలేదు. ఊరి చివరి మందుల కంపెనీ వదిలే నీళ్లు ఆమె బావిలోకి దిగాయి. అవి తాగి రెండు బర్రెలు చచ్చాయి, వంకాయ తోట మాడిపోయింది. అర్జీ పెట్టుకుంటే విచారణ వాయిదా పడుతూనే ఉంది. ఎదురు పార్టీ అభ్యర్థి నవీన్‌కుమార్ ఒక్కడే ఆమె బావి దాకా నడిచొచ్చాడు. ముక్కుకు రుమాలు కూడా అడ్డం పెట్టుకోకుండా వంగి చూశాడు.

"గెలిస్తే నా మొదటి పని గిదే అవ్వా."

ఆ మాట ఆమెకు చాలింది.

పోలింగ్‌కు ముందురోజు అధికార పార్టీ మండల నాయకుడు, ఎరువుల దుకాణం వెంకటనారాయణ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. గొంతు పెంచలేదు.

"రాజవ్వా, నీ బిడ్డ గా కంపెనీలనే చేస్తున్నది గదా? జెర ఆలోచన చెయ్యి."

కూతురు ధనలక్ష్మి మొగుడు వదిలేస్తే తల్లి దగ్గరికి చేరి, ఆ కంపెనీ ప్యాకింగ్‌లో కాంట్రాక్టు మీద చేస్తోంది. వెంకటనారాయణ వెళ్లగానే కూతురు తల్లి చేతులు పట్టుకుంది. "వద్దే అమ్మా, కూసోకు."

రాజవ్వ కూర్చుంది. పొద్దున ఏడింటి నుంచి నీళ్లకు కూడా లేవలేదు. దొంగ ఓటుకు వచ్చినవాణ్ని నిలబెట్టి, "గీడు పోశమ్మ కొడుకు గాదు సార్, పోశమ్మ కొడుకు దుబాయ్‌ల ఉన్నడు" అంది. ఊరంతా విన్నది.

మర్నాడు ధనలక్ష్మిని గేటు దగ్గరే ఆపేశారు.

రాష్ట్రమంతా మళ్లీ అధికార పార్టీయే ఊడ్చేసింది. ఇక్కడ మాత్రం నవీన్‌కుమార్ మూడొందల ఓట్ల తేడాతో బయటపడ్డాడు. ఊరేగింపు జీపు దిగి రాజవ్వ కాళ్లు మొక్కాడు. ఆమె అందరి ముందూ ఏడ్చింది. ధనలక్ష్మి గడప దాటి రాలేదు.

నలభై రోజులు తిరక్కముందే, నియోజకవర్గం బాగు కోసమంటూ నవీన్‌కుమార్ అధికార పార్టీ కండువా కప్పుకున్నాడు. రాజవ్వ నమ్మలేదు. షేర్ ఆటోలో పటాన్‌చెరు పోయి ఆయన ఆఫీసు బయట మధ్యాహ్నం దాకా కూర్చుంది. లోపలికి పిలిస్తే, ఆయన పక్క కుర్చీలో వెంకటనారాయణ చాయ్ తాగుతున్నాడు.

"రా అవ్వా. ఇగ మనమంతా ఒక్కటే. నీ బావి ముచ్చట అన్న చూసుకుంటడు" అన్నాడు నవీన్‌కుమార్.

వెంకటనారాయణ ఓ కాగితం ముందుకు జరిపాడు. నీళ్లు బాగున్నాయనీ, అర్జీ వాపసు తీసుకుంటున్నామనీ రాసుంది. "ఏలిముద్ర ఎయ్యి. రేపటికి నీ బిడ్డ పనిల ఉంటది."

"ఎవలి మీద కొట్లాడిన్నో గాయన చేతులనే పెడ్తున్నవా బిడ్డా నన్ను?"

నవీన్‌కుమార్ ఫోన్ చెవికి పెట్టుకుని లేచిపోయాడు. రాజవ్వ వేలిముద్ర వేయకుండా తిరిగొచ్చి, జరిగింది కూతురికి చెప్పింది. రెండు రోజుల తర్వాత ధనలక్ష్మి, కూలి దొరికిందంటూ పొద్దున్నే బయటికి పోవడం మొదలుపెట్టింది.

పదిహేను రోజులకు విచారణ అధికారి వచ్చాడు. బావి వైపు కూడా పోలేదు. పంచాయతీ ఆఫీసులో ఫైలు తెరిచాడు.

"పట్టా చనిపోయిన మీ ఆయన పేరు మీదనే ఉందమ్మా. మీ బిడ్డ కూడా వారసురాలే. నీళ్లు మంచిగున్నయని ఆమే రాసిచ్చింది. ఇంక కేసేం లేదు."

కింద ధనలక్ష్మి సంతకం. కూతురికి ఆ అక్షరాలు రావాలని రాజవ్వ పదేళ్లు నాట్లకు వంగింది.

సాయంత్రం షిఫ్టు దిగొచ్చిన కూతురిని గుమ్మంలోనే ఆపింది. "మన బర్రెలను సంపినోళ్లకు సంతకం పెట్టినవా?"

"నీ ఓటు నువ్వు ఏసుకున్నవ్. నా సంతకం నేను పెట్టుకున్న."

ధనలక్ష్మి తల్లిని తప్పించుకుని లోపలికి పోయి కంచంలో అన్నం పెట్టుకుంది. తల్లిని తినమని అనలేదు.

మరుసటి నెలలో కంపెనీ తన మురికినీళ్ల కాలువను రాజవ్వ పొలం గట్టు వెంబడే వెడల్పు చేసింది. జేసీబీ ముందు కొబ్బరికాయ కొట్టింది ఎమ్మెల్యే నవీన్‌కుమారే. రాజవ్వ అప్పుడు పొలంలోనే ఉంది. ఆయన ఆమెను గుర్తుపట్టి, నవ్వుతూ చెయ్యి ఊపాడు.