జైతూన్‌కి తోడు ఎవరు? కోకోస్ దీవుల్లో నా నాలుగు వారాలు

మొన్న ఆదివారం ఇక్కడ పెర్త్‌లో చర్చి అయ్యాక, పియారా వాటర్స్‌లో ఉండే అనీష నన్ను కారు దగ్గర పట్టుకుంది. "ఆంటీ, మీరు కోకోస్ వెళ్ళారంట కదా? ఈ స్కూల్ హాలిడేస్‌కి మేం ప్లాన్ చేస్తున్నాం. బీచెస్ ఎలా ఉంటాయి? అక్కడ మన ఫుడ్ ఏమైనా దొరుకుతుందా?" అని ఊపిరి తీసుకోకుండా అడిగేసింది. నేను వెళ్ళింది తొంభై ఒకటిలో, అదీ ఉద్యోగం మీద. నాలుగు వారాల్లో బీచ్‌లో కూర్చున్నది మొత్తం కలిపినా గంట ఉండదు. ఆ మాట చెబితే నమ్మలేదు. సరే, వెళ్ళాలనుకునేవాళ్ళకి దారీ తెన్నూ తెలుస్తాయి, నాకూ మనసులో భారం కాస్త దిగుతుంది అని ఇది రాస్తున్నాను.

నాకు మొదటినుంచీ కాలు ఒకచోట నిలవదు. నర్సాపురంలో నర్సింగ్ అయిన వెంటనే హైదరాబాద్, అక్కడ రెండేళ్ళు కాకుండానే పెర్త్. కానింగ్ వేల్‌లో ఇల్లు కొన్న ఏడాదికే నాకు గోడలు మీద పడుతున్నట్టు అనిపించేది. అప్పుడే హాస్పిటల్ నోటీసు బోర్డులో ఒక కాగితం చూశాను. హిందూ మహాసముద్రం మధ్య ఆస్ట్రేలియా కిందున్న కోకోస్ దీవుల్లో, హోమ్ ఐలాండ్ క్లినిక్ నర్సు సెలవు మీద వెళ్తోంది, నాలుగు వారాలకి మనిషి కావాలి, విమానం టికెట్టూ బసా కేంద్ర ప్రభుత్వమే చూసుకుంటుంది. మా ఆయన ప్రభు, "పిల్లకి మూడేళ్ళే. అయినా నువ్వు ఆగవులే, వెళ్ళిరా" అన్నాడు. ఆగలేదు నిజంగానే.

అప్పట్లో విమానం వారానికి ఒక్కసారే, బుధవారం. పెర్త్‌లో తెల్లవారుతుండగా ఎక్కి, మధ్యలో క్రిస్మస్ ఐలాండ్‌లో గంట ఆగి, మధ్యాహ్నం పన్నెండుకి వెస్ట్ ఐలాండ్‌లో దిగాను. దిగగానే గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకోవాలి. ప్రభుత్వ ఆఫీసూ, డాక్టరూ, విమానాశ్రయమూ అన్నీ వెస్ట్ ఐలాండ్‌లోనే. నా క్లినిక్ ఉన్న హోమ్ ఐలాండ్ లగూన్‌కి, అంటే దీవుల మధ్య ఉన్న ఉప్పునీటి మడుగుకి, అవతల. జెట్టీ దాకా బస్సు, అక్కణ్ణించి ఫెర్రీలో అరగంట. ఫెర్రీకి రెండు డాలర్లు తీసుకున్నారు. అదే రోజు కొట్లో కాలీఫ్లవర్ ఆరు డాలర్లని చూసి, నాలుగు వారాలూ చేపా కొబ్బరీ తిని బతికేద్దామని అక్కడే తీర్మానించుకున్నాను.

హోమ్ ఐలాండ్ వాళ్ళంతా కోకోస్ మలై ముస్లింలు, మాట్లాడేది మలై భాష. తరాల తరబడి ఆ ఊరంతా ఒకే కొబ్బరి ఎస్టేటు కింద బతికింది. ఎనభై నాలుగులో ఓటు వేసి ఆస్ట్రేలియాతో కలిశారు. మిగతా దేశంలో మనుషులకి ఏముంటే మీకూ అవే ఉంటాయని ప్రభుత్వం మాట ఇచ్చింది. నేను వెళ్ళేసరికి ఆ మాట కళ్ళకి కనిపిస్తూనే ఉంది. కొత్త ఇళ్ళు వరసగా లేస్తున్నాయి, కరెంటు పోదు, బడి ఉంది, ఫెర్రీ నడుస్తోంది, క్లినిక్‌లో మందులకి కొదవ లేదు. కొబ్బరి ఒక్కదానితో అన్నీ జరగవు కదా, వాటన్నిటి వెనకా కాన్‌బెర్రా నుంచి వచ్చే డబ్బుంది. ఆ డబ్బుతో జరిగే ప్రతిదానికీ ఒక ఫారం ఉంటుంది. ఆ ఫారాలు నింపే పని నాకూ పడింది.

రెండో వారం సోమవారం జైతూన్ క్లినిక్‌కి వచ్చింది. ఇరవై ఒక్క ఏళ్ళ పిల్ల, తొలి చూలు, ముప్పై ఆరు వారాలు నిండాయి. వెంట తల్లి. అక్కడ తల్లిదండ్రుల్ని పెద్దబిడ్డ పేరుతోనే పిలుస్తారు, అందుకని ఆవిణ్ణి ఊరంతా మాక్ జైతూన్, అంటే జైతూన్ తల్లి, అంటుంది. దీవిలో ఆపరేషన్ చేసే వసతి లేదు కాబట్టి నెల ముందే గర్భిణుల్ని పెర్త్ పంపుతారు. టికెట్టూ బసా ప్రభుత్వానివే, తోడుగా ఒక్క మనిషికి కూడా. జైతూన్‌కి బీపీ చూస్తే ఉండాల్సినదానికంటే ఎక్కువుంది. ఈ బుధవారం విమానం తప్పితే ఇంకో ఏడు రోజులు ఆగాలి. ఆ బీపీతో ఏడు రోజులంటే నాకు ముద్ద దిగదు.

ఫారంలో తోడు వచ్చేవారి పేరు, సంబంధం అని గడి ఉంది. నేను ఆలోచించనేలేదు. మా గోదావరి జిల్లాల్లో తొలి కాన్పు పుట్టింటివాళ్ళది. తల్లి ఉండగా ఇంకెవరు వెళ్తారు? పైగా ఎనభై ఎనిమిదిలో పెర్త్‌లో నా కాన్పుకి మా అమ్మకి వీసా సమయానికి రాలేదు. ఆ దిగులు ఇంకా పచ్చిగానే ఉంది. మాక్ జైతూన్ అసలు పేరు అడిగి, సలేహా అని రాసుకుని, సంబంధం దగ్గర తల్లి అని రాసి, "మీ అమ్మ వస్తుందిలే, ఏం భయం లేదు" అని జైతూన్ భుజం తట్టాను. ఇద్దరూ నవ్వి తలూపారు. ఎంత మంచి పని చేశానో అనుకున్నాను.

మంగళవారం పొద్దున మంజూరైందని ఫోనొచ్చింది. ఉండబట్టలేక తొమ్మిదింటికే నేనే వాళ్ళింటికి పరిగెత్తాను. జైతూన్ గడపలో కూర్చుని కొబ్బరి తురుముతోంది. మాట విని చెయ్యి ఆపింది.

"నేను వెళ్ళను సిస్టర్" అంది.

"వెళ్ళకపోతే ఎలా? నీ బీపీ ఎంతుందో తెలుసా?"

"ఇస్మాయిల్ రావాలి. బిడ్డ పుట్టగానే చెవిలో అజాన్ చెప్పాలి. వాళ్ళ నాన్నే చెప్పాలి. అక్కడ ఎవరో తెలియనివాళ్ళు చెబుతారా? అసలు చెబుతారా?" ఇంగ్లీషు మాటలు వెతుక్కుంటూ అంది. "ఇస్మాయిల్‌కి ఇంగ్లీషు వచ్చు. డాక్టర్లు చెప్పేది అతనికి అర్థమవుతుంది. అమ్మకి రాదు."

"మరి నిన్న ఒక్క మాట చెప్పొచ్చు కదా తల్లీ."

"మీరు గవర్నమెంట్ సిస్టర్. మీరు రాస్తే, రూల్ అదేనేమో అనుకున్నాం."

నర్సాపురంలో మా పక్కింటి సాయబులింట్లో బిడ్డ పుడితే తాత వచ్చి చెవిలో అజాన్ చెప్పడం నేను చిన్నప్పుడే చూశాను. ఎదురుగా ముస్లిం పిల్ల కూర్చుంటే నాకు అది గుర్తుకే రాలేదు. మొగుడు వెళ్ళి కాన్పులో ఏం చేస్తాడు అనుకున్నాను. సిగ్గేసింది. ఇళ్ళు కట్టే పనిలో ఉన్న ఇస్మాయిల్ ఇసకకాళ్ళతోనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "మార్చొచ్చా సిస్టర్? మార్చలేకపోతే నేనే దీన్ని ఎలాగో ఒప్పిస్తాను" అన్నాడు. "మారుస్తాను" అని మాటిచ్చి క్లినిక్‌కి పరిగెత్తాను.

కాన్‌బెర్రా మాకంటే మూడున్నర గంటలు ముందు. ఫోనెత్తినావిడ మర్యాదగానే మాట్లాడింది. మంజూరైన మనిషి ఎందుకు వెళ్ళడం లేదో కారణం రాసి, డాక్టరు సంతకంతో సాయంత్రం ఐదులోపు ఫ్యాక్స్ చెయ్యమంది. వాళ్ళ ఐదంటే మాకు ఒంటిగంటన్నర. ఫ్యాక్స్ మెషీన్ వెస్ట్ ఐలాండ్‌లో ఉంది. పదిన్నర ఫెర్రీ నా కళ్ళముందే జెట్టీ వదిలింది. తర్వాతది పదకొండున్నరకి. ఆ గంటసేపూ జెట్టీ మీద ఆ చివరా ఈ చివరా తిరుగుతూనే ఉన్నాను. నీళ్ళు పచ్చగా, నీలంగా ఎంత బావున్నాయో అని ఇప్పుడు అందరూ ఫొటోలు పెడుతుంటారు. ఆ రోజు నాకు గడియారం తప్ప ఏమీ కనబడలేదు.

పన్నెండుంబావుకి ఆఫీసు చేరాను. అక్కడ గుమాస్తా కోలిన్ అని, నెమ్మదైన మనిషి. "డాక్టరా? గోల్ఫ్‌లో ఉన్నాడు" అన్నాడు. గోల్ఫ్ ఎక్కడయ్యా అంటే రన్‌వే వైపు చూపించాడు. నిజంగానే ఆ దీవిలో గోల్ఫ్ కోర్సు రన్‌వేని దాటుకుంటూ పోతుంది. ఆ ఎండలో చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని గడ్డిలో పడి నడిచాను. డాక్టరు నన్ను చూసి కంగారుపడ్డాడు, విషయం విని ఫారం బ్యాగు మీద పెట్టుకుని సంతకం చేసి, "మిగతాది నువ్వు రాసేయ్" అన్నాడు.

ఆ మిగతాది కారణం రాసే గడి. రెండు లైన్ల చోటు. ఒంటిగంట దాటింది. బిడ్డ చెవిలో అజాన్ సంగతి రాస్తే ఎవరో ఇంకొకర్ని అడుగుతారు, వాళ్ళు ఇంకొకర్ని, ఈలోగా ఆఫీసు మూసేస్తారు అనిపించింది. తల్లి ప్రయాణానికి ఇష్టపడటం లేదు అని ఒక్క వాక్యం రాసేశాను. భర్త పేరు రాశాను. లైను రెండుసార్లు బిజీ వచ్చింది. మూడోసారి కాగితం లోపలికి వెళ్ళేసరికి ఒంటిగంట ఇరవై రెండు. కోలిన్ టీ ఇచ్చాడు, తాగలేదు. ఒంటిగంటా యాభైకి మెషీన్ కదిలింది. మంజూరైంది. పాపం ఆవిడెవరో మా కోసం ఆగింది.

సాయంత్రం ప్రభుకి ఫోన్ చేసి జరిగిందంతా గొప్పగా చెప్పాను. "తోడు వెళ్ళేది హజ్బెండ్ అయితే నీకంత ఆశ్చర్యమేంటే?" అన్నాడు. "మన పాప పుట్టినప్పుడు లేబర్ వార్డ్‌లో పొద్దుటిదాకా నీ చెయ్యి పట్టుకుంది ఎవరు? నా వేళ్ళు రెండు రోజులు వంగలేదు." నిజమే. అమ్మ లేదన్న దిగులే గుర్తుంది గాని, పక్కనున్న మనిషి గుర్తులేడు. నవ్వేసి పెట్టేశాను.

బుధవారం ఉదయం ఫెర్రీలో అందరం వెస్ట్ ఐలాండ్ వెళ్ళాం. సగం ఊరు సాగనంపడానికి వచ్చింది. జైతూన్ ముఖం తేలిగ్గా ఉంది, బీపీ కూడా కాస్త దిగింది. విమానం పన్నెండుకి వచ్చింది. కోలిన్ మంజూరు కాగితాల నకలు ఇస్మాయిల్ చేతికిచ్చాడు. అతను జాగ్రత్తపరుడు, ప్రతి లైనూ చదివాడు. మాక్ జైతూన్ ఏముందని అడిగినట్టుంది, మలైలో చెప్పాడు. చెబుతూ చెబుతూ ఒకచోట ఆగాడు. ఆవిడ మళ్ళీ అడిగింది. చెప్పాడు.

ఆవిడ జైతూన్ వైపు చూడలేదు. సరాసరి నా దగ్గరికి వచ్చి ఏదో అంది. గొంతు పెంచలేదు. ఇస్మాయిల్ నేల చూస్తూ ఇంగ్లీషులో చెప్పాడు. "నేను రానని ఎప్పుడన్నాను, అని అడుగుతోంది సిస్టర్."

తొందరలో రాశాను, టైము లేదు, మీ అమ్మాయి కోసమే కదా అని ఏవేవో నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ అనలేకపోయాను. ఊరంతా ఆవిణ్ణి పిలిచే పేరే జైతూన్ తల్లి. ఆ జైతూన్ తల్లి కూతురి తొలి కాన్పుకి వెళ్ళడానికి ఇష్టపడలేదని గవర్నమెంటు కాగితం మీద నేను రాశాను. ఇస్మాయిల్ వెళ్ళాలని ఆవిడకీ ఉందట. ముందు రోజే కూతురికి చెప్పిందట. ఆవిణ్ణి మొదట రాసేటప్పుడూ నేను అడగలేదు, కొట్టేసేటప్పుడూ అడగలేదు.

"అది అబద్ధం. నేనే రాశాను. నాది తప్పు" అన్నాను. ఇస్మాయిల్ చెప్పాడు. ఆవిడ నా చేతిసంచికి గుచ్చి ఉన్న పెన్ను వైపు చెయ్యి చూపించింది. కాగితం కౌంటర్ మీద పెట్టి ఆ వాక్యం కొట్టేశాను. కింద, తల్లి రావడానికి సిద్ధంగా ఉంది, కూతురి కోరిక మీద భర్తను పంపింది అని రాసి సంతకం పెట్టాను. ఇస్మాయిల్ ఆ వాక్యాన్ని రెండుసార్లు మలైలో చదివి వినిపించాడు. ఆవిడ కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి జైతూన్ చేతిలో పెట్టి, చేతిని మూసింది. విమానం ఎగిరింది. అప్పుడు ఆవిడ ఏడ్చింది, నేనూ ఏడ్చాను, వేర్వేరు మూలల్లో నిలబడి.

పెర్త్‌లో ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. చెవిలో తండ్రే అజాన్ చెప్పాడు. తిరిగి వచ్చాక హాస్పిటల్లో చూసి వచ్చాను. ఆ దీవులకి కేంద్ర ప్రభుత్వ సాయం అవసరమేనా అని ఇప్పటికీ ఎవరైనా వాదిస్తే నాకు కోపమొస్తుంది. ఆ విమానం టికెట్టు లేకపోతే ఆ బీపీతో జైతూన్ ఏమయ్యేదో నాకు తెలుసు. కానీ సాయం కాన్‌బెర్రా నుంచి వచ్చినా, మనిషి చేతికి అందేటప్పటికి అది నాలాంటి ఎవరో తొందరపాటు మనిషి చేతిరాత అవుతుంది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు నర్సుగా చేశాను. ఏ ఫారం మీదైనా ఇష్టపడలేదు అని రాయాల్సి వస్తే పెన్ను పక్కన పెట్టి ఆ మనిషి దగ్గరికి నడిచి వెళ్ళి అడిగేదాన్ని. నిలవని కాలు ఆ ఒక్క పనికి పనికొచ్చింది.

అనీషా, వెళ్ళేముందు ఒక్క మాట. దిగగానే గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకో, హోమ్ ఐలాండ్ ఫెర్రీ వేళలు ఆ రోజే కనుక్కో. భుజాలూ మోకాళ్ళూ కప్పే బట్టలు పెట్టుకో, ఎవరి గడపలోకైనా పిలిస్తేనే వెళ్ళు. సలేహాగారు ఉన్నారో లేరో తెలియదు. ఉంటే, ఆవిణ్ణి మాక్ జైతూన్ అని పిలువు, నర్సు ఇంకా గుర్తు చేసుకుంటోందని చెప్పు. చెప్పొచ్చా అని ముందు అడుగు.