పట్టాలకు పసుపు

ఆ రోజుల్లో "నాకు తెలియదు" అనే మాట నా నోట వచ్చేది కాదు. బీయీడీ పట్టా చేతికొచ్చిన ఏడాది అది. ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు బడివాళ్లు సైన్సు మాస్టరుగా నన్ను నెల రోజులు చూస్తామన్నారు. "నెలాఖరుకు పిల్లోళ్లకు ఒక ప్రయోగం చేసి చూపీప్పా. నచ్చితే ఉంటావు, ల్యాకుంటే నంద్యాల బస్సెక్కుతావు" అన్నాడు కరస్పాండెంటు. ఆళ్లగడ్డకు రైలు లేదు కదా, రైలే తెచ్చి చూపిస్తానన్నాను.

నంద్యాలలో మా వీధిలో ఉండే రిటైరైన రైల్వే గార్డు తాత దగ్గర కరెంటుతో నడిచే బొమ్మ రైలు ఉండేది. అడగ్గానే అట్టపెట్టె తెరిచాడు. పట్టాలు ముక్కలుగా తయారై ఉన్నవే, ఒకదాని కొనకు ఇంకొకటి తగిలించుకోవడమే పని. చేతికందినవన్నీ తీస్తుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏందప్పా, కట్టెపుల్లలు ఏరినట్ల ఏరతాండావ్? వంపులు రెండు రకాలుండాయి. చిన్నదీ పెద్దదీ కలిపితే చుట్టు మూసుకోదు. ఒకే రకం ఎనిమిది తీస్కో." బడి బల్లకు సరిపోయేలా చిన్న వంపులు ఎనిమిది, తిన్ననివి నాలుగు ఏరుకున్నాను. (బల్లను జేనలతో కొలిచిన సంగతి ఆయనకు చెప్పలేదు.) "అతుకుల కాడ సందు ల్యాకుండా నొక్కు. కరెంటు పట్టాల్లోనే పోతాంటాది, దుమ్ము పడనీకు" అన్నాడు. "తాతా, నేను సైన్సు మాస్టర్ని" అన్నాను.

ప్రయోగానికి ముందురోజు సాయంత్రం బడి బల్ల మీద బిగించి నడిపితే రైలు చక్కగా తిరిగింది. మర్నాడు తలస్నానం చేసి, కొత్త తెల్ల చొక్కా తొడుక్కుని అందరికంటే ముందే బడికి చేరాను. కొత్త బండిని పూజ చేయకుండా ఎవరైనా కదిలిస్తారా? ఇంజనుకు బొట్టు పెట్టాను. అంతటితో ఆగానా! పట్టాలేం పాపం చేశాయని, మా అమ్మ శుక్రవారం గడపకు పూసినట్టు చుట్టూ పసుపు పూసి, అతుకు అతుకుకూ కుంకుమ పెట్టాను. ఎంత కళగా ఉందో! మళ్లీ నడిపి చూడాలన్న ఆలోచనే రాలేదు. నిన్న నడిచింది కదా.

బడంతా బల్ల చుట్టూ మూగింది. కరస్పాండెంటు ముందు కుర్చీలో కూర్చున్నాడు. స్విచ్చి వేశాను. రైలు కదల్లేదు. "సార్, రైలు లేటా?" అంది ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి. అందరూ గొల్లుమన్నారు. అయినా నా గొంతు మాత్రం తగ్గలేదు. ముందు పాఠం, తర్వాత రైలు అన్నట్టు మొదలుపెట్టాను. "పిల్లలూ, కరెంటు పట్టాల్లోంచి చక్రాల్లోకి, అక్కణ్ణుంచి మోటారుకు పోతుంది. పట్టాకూ చక్రానికీ నడుమ ఏదైనా పూత అడ్డం ఉంటే..." అంటూ పట్టా మీద వేలు పెట్టి ఆగిపోయాను. వేలికి పసుపు అంటింది. ఆ పాఠం అందరికంటే ముందు అర్థమైంది నాకే. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఏమాయప్పా, నిలిపేస్తివి?" అన్నాడు కరస్పాండెంటు.

"పసుపు సార్. నేనే పూసినా."

చేతిరుమాలు చాలక, ఆ కొత్త చొక్కా అంచుతోనే పట్టాలన్నీ తుడిచాను. ఈసారి రైలు కదిలింది. పిల్లల అరుపులకు పక్క వీధివాళ్లు కూడా వచ్చి చూశారు. కరస్పాండెంటు లేచాడు. "రైలు నడిచేదీ చూస్తిమి, ఎందుకు నడవదో అదీ చూస్తిమి. ఇంగొకరైతే తప్పు ఇంజను మీదికి తోస్తాండ్రి. సోమవారం నుంచి రా. పూజలు మాత్రం మా ఇంట్లోవాళ్లు చేస్తార్లే."

ఇప్పటికీ అదే బడిలో ఉన్నాను. ఏ ప్రయోగమైనా మూడుసార్లు చేసి చూసుకుంటే తప్ప తరగతిలోకి తీసుకెళ్లను. తప్పు జరగదు. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు, ఆ రోజు అరిచినంత గట్టిగా మాత్రం ఎవరూ అరవరు. పసుపు చొక్కాతో నిలబడ్డ ఆ కుర్ర మాస్టరు గుర్తొస్తే నాకు నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా.