మొదటి ఏడాది దాటని మాస్టారు

ఆసుపత్రి కింది అంతస్తులో, దుప్పట్లు ఉతికే యంత్రాల పక్కగదిలో కూర్చుని ఆయన ఇరవై ఆరేళ్లుగా చిరిగినవన్నీ కుడుతున్నాడు. ఆపరేషన్ గౌన్లు, దిండు గలీబులు, కిటికీ తెరలు. దర్జీ కాబట్టి అందరూ మాస్టారు అనేవాళ్లు.

ఒకరోజు సర్జరీ పెద్ద డాక్టరమ్మ కోటు జేబు కుట్టించుకోవడానికి కిందికి దిగింది. కొత్త డాక్టరు ఒకతను వేసిన కుట్లన్నీ పొద్దున్నే తానే విప్పి, మళ్లీ వేసి వచ్చింది. ఆ చిరాకులో మాస్టారి చేతులకేసి చూస్తూ ఉండిపోయింది.

"మా పిల్లలకి నేర్పుతారా?"

"జేబులు కుట్టడమా అమ్మా?"

"కుట్టడం."

మర్నాటి నుంచి ఆరుగురు కొత్త సర్జన్లు మధ్యాహ్నం పూట కిందికి రాసాగారు. పాత పరుపు ముక్కకి రెక్సిన్ బిగించి, బ్లేడుతో ఒక గాటు పెట్టి, "ఇది మూయండి" అనేవాడు మాస్టారు. దారం మరీ బిగించిన వాళ్ల వేళ్ల మీద స్కేలుతో తట్టేవాడు. "రెండంచులూ ఒకదాన్నొకటి పలకరిస్తే చాలు బాబూ. గొంతులు పిసుక్కోనక్కర్లేదు."

రెండు నెలల్లో పై వార్డుల్లో కుట్లు చీము పట్టడం తగ్గింది. డాక్టరమ్మ సంబరపడి, మాస్టారి పేరు శిక్షణ జాబితాలో చేర్చమని ఆఫీసుకి కాగితం పంపింది.

అక్కడ గుమాస్తాకి చిక్కొచ్చిపడింది. జాబితాలో ఉన్నవి రెండే గడులు: నేర్పేవారు, నేర్చుకునేవారు. నేర్పేవారికి డిగ్రీ ఉండాలి. కాగితం వెనక్కి పంపడానికి అతనికి మనసొప్పలేదు.

"ప్రస్తుతానికి రెండో గడిలో వేశాను మాస్టారూ. మీకేం నష్టం లేదు."

వారం తిరక్కుండా తెల్లకోటు, స్టెతస్కోపు, మంగళవారం వార్డు డ్యూటీ వచ్చాయి. వెళ్లకపోతే ఉద్యోగం పోతుందేమోనని వెళ్లాడు. ఒక ముసలావిడ కడుపునొప్పి చెప్పుకుంటే, "నేను దర్జీనమ్మా, డాక్టరుగారిని పిలుస్తానుండండి" అన్నాడు. ఆవిడ పక్కమంచానికి చెప్పింది: "చూశావా, అంత చదువుకుని ఎంత అణకువో."

చేసిన కేసులు పుస్తకంలో రాయాలన్నారు. నిజాయితీగా రాశాడు: దిండ్లు రెండువందల పన్నెండు, తెరలు నలభై, మరణాలు లేవు. పైవాళ్లు సంతకం పెట్టారు.

ఇంట్లో భార్య నిలదీసింది. "కొళాయి కారుతోందంటే చేతకాదంటారు. మనుషుల్ని కోస్తారా?"

"కోయను. కుడతానంతే."

ఏడాది చివర పరీక్ష. కుట్లలో ఆయనే మొదటివాడు. తర్వాత నోటి పరీక్షలో పేగుకి ఎన్ని పొరలని అడిగారు. "నాకు తెలిసినవి రెండే అండీ. పైగుడ్డా, లైనింగూ." మొదటి ఏడాది మళ్లీ చదవాలని తేల్చారు. ఆయన దగ్గర నేర్చుకున్న ఆరుగురూ పాసై, మొహాలు చెల్లక రెండ్రోజులు కిందికి రాలేదు.

ఫెయిలవడం ఆయనకి అదే మొదలు. బడి మానేసింది పరీక్షలు పెట్టే తరగతికి ముందే. నోటీసు బోర్డులో తన పేరు కింద ఎర్రగీత చూసి చాలాసేపు కదల్లేదు. ఆ సాయంత్రమే లావుపాటి పుస్తకమొకటి అడిగి తెచ్చుకుని కుట్టుమిషను మీద తెరిచాడు. భార్య కూరలు తరుగుతూ ప్రశ్నలడిగేది. తప్పు చెబితే కత్తి ఆపి చూసేది.

ఈలోగా రిటైరయ్యే వయసొచ్చింది. చదువు పూర్తికాని వాళ్లని పంపించే వీలు లేదని ఆఫీసు చెప్పేసింది. డాక్టరమ్మ మూడుసార్లు వెళ్లి వాదించింది. గుమాస్తా మూడుసార్లూ టీ తెప్పించాడు.

ఇప్పుడాయనకి అరవై నాలుగు. మొదటి ఏడాది ఆరోసారి చదువుతున్నాడు. కిందటి పరీక్షలో రెండే మార్కులు తక్కువొచ్చాయి. ఒక ప్రశ్నకి జవాబు నాలిక చివరిదాకా వచ్చినా ఆయన నోరు విప్పలేదని డాక్టరమ్మకి అనుమానం. గదిలోకి వచ్చి, తలుపు దగ్గరికి వేసి అడిగింది.

"తెలిసీ ఎందుకు చెప్పలేదు?"

మాస్టారు సూదిలోకి దారం ఎక్కిస్తూ తలెత్తలేదు.

"రెండో ఏడాది వాళ్ల చేతికి కత్తిస్తారట కదమ్మా."

డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. ఈసారి కొత్తవాళ్లు ఎనిమిదిమంది వస్తున్నారని, రెక్సిన్ ఎంత కావాలో రాసిమ్మని అడిగింది.