ప్రార్థన అంశం

మా కోరుట్లలో శుక్రవారం స్త్రీల కూడిక ఉంటుంది. మోకాళ్లూనే ముందు ఒక్కొక్కరు తమ ప్రార్థన అంశం చెప్పాలి. ఒకరికి కొడుకు ఉద్యోగం, ఇంకొకరికి నడుం నొప్పి. నాది మాత్రం మూడేళ్లుగా ఒకటే: "మా అక్క మనసు మారాలె."

అక్క అంటే సిరిసిల్లలో ఉండే మా పెద్ద తోటికోడలు. అత్తమ్మ పోయిన రోజు నన్ను అందరి ముందు నిలబెట్టి, "ముసల్దానికి కడుపునిండ బువ్వ పెట్టలే" అంది. ఆ రోజు నుంచి మాటల్లేవు. అంశం చెప్పినప్పుడల్లా ఆ సంగతంతా మళ్లీ విప్పేదాన్ని. కళ్లు తెరిచి చెబితే చాడీ, మూసుకుని చెబితే భక్తి. అందరూ ఆమెన్ అనేవారు. నాకు హాయిగా ఉండేది.

పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం బావ ఫోన్ చేశాడు.

"రేపు మీ అక్కకు గర్భసంచి ఆపరేషన్. ఆడోళ్ల వార్డుల నన్ను ఉండనిస్తలేరు. జర నువ్వు రామ్మా. ఆమెకు చెప్పలే, చెప్తే వద్దంటది."

ఆ నెలంతా పాస్టరమ్మ షరతు లేని ప్రేమ గురించే బోధిస్తోంది. అందరికన్నా గట్టిగా తలూపింది నేనే. ఇక పోకుండా ఎలా ఉంటాను?

తెల్లవారి మొదటి బస్సెక్కాను. రుద్రంగి దాటేదాకా ధైర్యంగానే ఉన్నాను. తర్వాత భయం మొదలైంది. పదిమందిలో వెళ్లగొడితే? దానికన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది. మా కూడికకు వచ్చే ఒకామె పుట్టిల్లు సిరిసిల్లే. నా ప్రార్థన అంశం అక్క చెవిన పడి ఉంటే? వేములవాడలో దిగి వెనక్కి పోదామని రెండుసార్లు సంచి చేతిలోకి తీసుకున్నాను.

ఆసుపత్రి వార్డులో అక్క మంచం మీద కూర్చుని ఉంది. మనిషి సగమైపోయింది. నన్ను చూసి ముఖం గోడవైపు తిప్పుకుంది. ఇంతలో నర్సు వచ్చి, లోపలికి తీసుకుపోయే ముందు ఆమెకు రెండు జడలు వేయమని నాకు చెప్పి వెళ్లింది. దువ్వెన పట్టుకుని వెనక కూర్చున్నాను.

"నా మనసు మారాల్నని మూడేండ్ల సంది మొక్కుతున్నవట?" అంది, తిరగకుండానే.

"అవునక్కా" అన్నాను.

"మారలే సూడు. గా దినం అన్నది ఇప్పుడు గూడ అంట." గొంతు తగ్గించింది. "గిట్లనే లోపటికి పోయి, మల్ల బయటికి రాకుంటే ఎట్లనే?"

అప్పుడు నాకు నిజంగా భయమేసింది. ఈమె మారకపోనీ, రోజూ నన్ను తిట్టనీ, తిరిగి వస్తే చాలు ప్రభువా అనుకున్నాను. చేతిలోని పాయను గట్టిగా బిగించాను.

"గట్టిగ అల్లకు, నెత్తి గుంజుతాంది" అని కసిరింది.

వదులు చేసి మళ్లీ మొదటి నుంచి అల్లాను. స్ట్రెచర్ వచ్చేసరికి రెండో జడ సగంలోనే ఉంది. అక్క చెయ్యెత్తి వాళ్లను ఆపింది.

"జర ఆగుండ్రి. మా చెల్లె జడేస్తాంది."