చిన్నాయన గని దిగిన రోజు

మా చిన్నాయన బొగ్గుగనిలో పనిచేసి, రిటైరై కోదాడలో ఇల్లు కట్టుకున్నాడు. మా ఇళ్లల్లో ఏ శుభకార్యం జరిగినా ఆయన గని కథ ఉండాల్సిందే. గని పైకప్పు కూలడం, దీపాలు ఆరిపోవడం, ఈయన ఇద్దరిని భుజాన వేసుకుని చీకట్లో తడుముకుంటూ పైకి రావడం. నా చిన్నప్పుడు ఆ భుజాన ఒక్కడే ఉండేవాడు, నా పెళ్లినాటికి ఇద్దరయ్యారు. కథ అయిపోగానే లేచి వెళ్లి, వంటవాళ్ల చేతిలోంచి గరిటె గుంజుకుని, వచ్చిన చుట్టాలందరికీ సరిపడా ఉప్మా ఒక్క ఉండ కట్టకుండా చేసి పెట్టేవాడు. ఇంత వీరుడికి ఈ ఉప్మా పిచ్చి ఏమిటని మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

ఆ గనిని మూసేసి ఈమధ్య మ్యూజియం చేశారని తెలిసింది. అంతే, మిర్యాలగూడలో ఉండే మా మేనత్త పట్టుబట్టింది. తమ్ముడంటే ఆమెకు ప్రాణం. వాళ్ల వీధిలో కూరగాయల బండివాడికి కూడా ఆయన సాహసం తెలుసు.

"నా తమ్ముడు పాణాలకు తెగించిన జాగ నేను కండ్లార సూడాలె" అంది.

ఫోన్ చేస్తే చిన్నాయనకు ఉన్నట్టుండి మోకాళ్ల నొప్పులొచ్చాయి, తర్వాత బీపీ వచ్చింది, ఆ తర్వాత ఎండలు ముదిరాయి. అత్త వింటే కదా!

ముందురోజే అత్త సూర్యాపేటలో మా ఇంటికి వచ్చేసింది. పొద్దున్నే కారులో బయలుదేరి, మునగాల దగ్గర ధాబాలో చాయ్ తాగి, కోదాడలో చిన్నాయననూ చిన్నమ్మనూ ఎక్కించుకున్నాం. ఆయన ఇస్త్రీ తెల్లంగీలో పెళ్లికొడుకులా ఉన్నాడు గానీ ముఖంలో నెత్తురుచుక్క లేదు. దారి పొడవునా కోదాడ వైపే తిరిగి తిరిగి చూశాడు.

"తమ్మునికి పాత సంగతులు యాదికొస్తున్నట్టున్నయ్" అని అత్త కళ్లొత్తుకుంది. చిన్నమ్మ మాత్రం కిటికీలోంచి చూస్తూ పల్లీలు తింటూ కూర్చుంది.

మ్యూజియం గేటు లోపల బొగ్గు తవ్వే మనిషి బొమ్మ నిలబెట్టారు. అత్తకు చూపు సరిగా ఆనదు. దానికి దండం పెట్టి "తిన్నవా బిడ్డా?" అని పలకరించింది. తర్వాత అందరికీ హెల్మెట్లు ఇచ్చారు. అత్త కొప్పు మీద హెల్మెట్ కూర్చోదు. కొప్పు విప్పమంటే "గింతమంది ముంగట కొప్పిప్పుతనా?" అని నా మీద గయ్యిమంది. చివరికి అది కొప్పు మీదే బోర్లించిన గిన్నెలా ఊగుతూ ఉండిపోయింది.

అంతలో గని చూపించే మనిషి వచ్చాడు. ఆయనా ఒకప్పుడు అక్కడే పనిచేసినవాడట. చిన్నాయనను చూడగానే చేతులు చాపాడు.

"ఉప్మా మామా! మంచిగున్నవా? నువ్వు పోయినంక మా క్యాంటీన్ల ఉప్మా తినబుద్ధి కాకపాయె!"

అత్త హెల్మెట్ ఊగడం ఆగింది. "క్యాంటీనేంది?"

"మామనే గదమ్మా మాకందరికి టిఫిన్ చేసి పెట్టింది. ఒక్కసారన్న లోపలికి రా మామా అంటే దిగకపాయె. చీకటంటే భయం."

అత్త తమ్ముడి వైపు తిరిగింది. "మరి భుజాన ఏసుకున్నదెవర్నిరా?"

"రవ్వ బస్తాలక్కా" అన్నాడు చిన్నాయన సన్నగా.

నాకు నవ్వు ఆగలేదు. కానీ అత్త కళ్లలో నీళ్లు చూసి నోరు మూసుకున్నాను. తమ్ముడి గొప్ప ఊరంతా చెప్పుకున్న మనిషి ఆమె. "నీకు తెల్సా?" అని చిన్నమ్మను అడిగింది.

చిన్నమ్మ తీరిగ్గా పల్లీల పొట్లం మడిచింది.

"అంగీలు ఉతికింది నేనే గద వదినె. ఎన్నడన్న నల్లగ వస్తే గద! అన్నీ పసుపు మరకలే. క్యాంటీన్ల పని అని తెల్సుకున్నంకనే మా నాయిన నన్నిచ్చిండు. సైరన్ మోగితే పక్కిండ్లోళ్లు గుండెలు బాదుకుంట గేటుకాడికి ఉరుకుతుండిరి. నాకు ఆ బాధ ఎన్నడూ లేకపాయె. గంత అదృష్టం ఎవలకుంటది?"

"మరి ఆ కథ చెప్తుంటే ఊకున్నవేంది?"

"చెప్పుకోనీ అనుకున్న. కథల కూలిన కప్పు ఎవల మీద పడ్డది?"

అత్త తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నడువ్. ఇయ్యాలన్న దిగు."

లోపల బారులు తీరి లైట్లు, ఫ్యాన్లు. పిల్లలు సెల్ఫీలు దిగుతున్నారు. అయినా చిన్నాయన ఒకపక్క అక్కనూ ఒకపక్క భార్యనూ పట్టుకుని, కళ్లు మూసుకుని నడిచాడు. ఒక చోట నీటిచుక్క టప్పుమని హెల్మెట్ మీద పడింది. "కూలింది!" అని కేక పెట్టి వెళ్లి గోడను కరుచుకున్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

పైకొచ్చి ఎండలో చూస్తే, తెల్లంగీ ముందంతా నల్లగా బొగ్గు. అత్త కొంగుతో తుడవబోయింది. చిన్నమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనీ వదినె. ఇన్నేండ్లకు ఒక్కటి తెచ్చిండు. నేను ఉతుక్కుంట."