రేడియోలో హాజరు

నా గొంతు బాగుందని ఎవరన్నా అంటే చాలు, వాళ్లు ఏ కాగితం ముందు పెట్టినా సంతకం చేసేస్తాను. నా తెలివితక్కువతనానికి ఇంతకంటే పరిచయం అక్కర్లేదు. హైటెక్ సిటీ అద్దాల మేడల వెనక నేను పాఠాలు చెప్పే ఇంజినీరింగ్ కాలేజీలో మూతబడ్డ విద్యార్థుల రేడియోను మళ్లీ మోగిద్దామని నలుగురు కుర్రాళ్లు నా దగ్గరికి వచ్చారు.

"సార్, మీది అసలైన రేడియో గొంతు. ఇన్‌చార్జిగా మీరుంటే సాలు. మిగిలింది మేం చూస్కుంటం, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు వాళ్ల నాయకుడు.

ఇదే కాలేజీలో చదువుకునే రోజుల్లో ఆ రేడియో గదిలోనే నేను వార్తలు చదివాను. ఒప్పేసుకున్నాను. ప్రిన్సిపాల్ మాత్రం నమ్మలేదు.

"ఈ సెమిస్టర్ చూస్తానండి. వినేవాళ్లు లేకపోతే ఆ గదిని క్యాంపస్ ఇంటర్వ్యూలకి ఇచ్చేస్తా."

కాలేజీ అంతటా స్పీకర్లు మళ్లీ మోగాయి. రేడియో పనిలో ఉన్న పిల్లలు క్లాసుకు రాకపోయినా హాజరు పడుతుంది. దానికి కావలసిన సంతకం నాది. అందుకే నాకు అనుమానం. మధ్యాహ్నం మూడు క్లాసులు ఎగ్గొట్టేంత రేడియో ప్రేమ ఈ కాలంలో ఎవరికుంటుంది? ఏసీ కోసమా? లోపల ప్రేమ వ్యవహారమేమైనా ఉందా? ఏదో వంక పెట్టుకుని ఆ తలుపు ముందు పచార్లు చేసేవాణ్ని. తలుపు పైన ఎర్ర బల్బు వెలుగుతూనే ఉండేది. బల్బు వెలిగితే ప్రిన్సిపాలైనా లోపలికి రాకూడదని వాళ్లకు నేర్పింది నేనే కదా! చెవి ఆనించి, లోపల మాటలు విని, నన్ను నేనే తిట్టుకుని వెనక్కి వచ్చేవాణ్ని.

ఒకరోజు వాన దంచికొడుతోంది. స్టాఫ్ రూమ్ స్పీకర్లో మా నాయకుడి గొంతు హుషారుగా వినిపించింది: "బయట ఎండ మస్తుగ కొడుతుంది దోస్తులూ, జర నీళ్లు తాగుండ్రి!"

కిటికీలోంచి చూస్తే నానక్‌రామ్‌గూడ వైపు మేడలే కనబడటం లేదు, ఇక ఎండెక్కడ?

ఆ రోజు ఎర్ర బల్బును లెక్కచేయలేదు. లోపల ఏసీ ఉంది, మైకు ఉంది, మనుషులు లేరు. పాత కార్యక్రమాన్ని లాప్‌టాప్ తనంతట తానే వినిపిస్తోంది. నేను నడిపింది రేడియో కాదు, అవకాశవాణి.

దాన్ని ఆపి, మైకు ముందు కూర్చున్నాను.

"ఇప్పుడు రేడియో బృందానికి హాజరు. స్టేషన్ మేనేజర్?"

హాజరు పట్టీలో వేలు కిందికి జరిపాను.

"వార్తలు చదివేవారు?"

క్యాంటీన్ వైపు నుంచి వాన చప్పుడును మించి నవ్వులు. "ఆబ్సెంట్ సార్! ఈడ సమోసాలు తింటుండ్రు!" అని ఎవరో అరిచారు. నలుగురికీ ఆబ్సెంట్ వేసి, మైకు ఆపేసరికి ప్రిన్సిపాల్ ఫోన్.

"ఏంటండీ మాస్టారూ, క్యాంటీన్లో అందరూ తిండి మానేసి మీ రేడియోనే వింటున్నారు! ఇంటర్వ్యూ కుర్చీలు ఇప్పుడే తెప్పించను లెండి."

అంతలో నాయకుడు నీళ్లోడుతూ గుమ్మంలోకి వచ్చాడు. "సార్... జర..."

మైకు ఆన్ చేసి అతని వైపు తిప్పాను.

"ఇప్పుడు వాతావరణ విశేషాలు. చెప్పు నాయనా, బయట ఎండ ఎలా ఉంది?"