ముదీర్ ఊరి జట్టుకు పరామర్శ

ఆ రోజుల్లో దుబాయ్ పోయినవాడికి పైసలతో పాటు తెలివి కూడా పెరుగుతుందని మా ఊళ్ళో ఒక నమ్మకం ఉండేది. నా విషయంలో ఉన్న తెలివే కొంత ఎండకు ఆవిరైపోయిందని ఇప్పుడు తలచుకుంటే తెలుస్తోంది. (దుబాయ్ అంటున్నాను గాని నేనున్నది ఉమ్ అల్ క్వైన్‌లో. మా ఊరివాళ్ళకు అరబ్బు దేశాలన్నీ దుబాయే.) డెబ్బైల చివరి సంవత్సరాలవి. సముద్రం పక్కన ఫ్యాక్టరీ కడుతున్న సైటులో నేనూ, నాకంటే పెద్దవాడైన ఒక మలయాళీ గుమస్తా కలిసి స్టోరు చూసేవాళ్ళం. నన్ను అక్కడికి రప్పించిన మా అక్క మొగుడు, అంటే మా బావ, అదే సైటులో తాపీ మేస్త్రీ. పదో తరగతి తప్పిన నా ఇంగ్లీషే క్యాంపులోని తెలుగువాళ్ళందరికీ పెద్ద దిక్కు. మిగతావాళ్ళ ఇంగ్లీషు ఎంతో మీరే ఊహించుకోండి.

సైటుకు పెద్ద ఒక జర్మనీ ఇంజనీరు. ముదీర్ (అరబ్బీలో మేనేజరు) అని పిలిచేవాళ్ళం. నవ్వడం ఎరగని మనిషి. గోడ కొంచెం వంకరగా వస్తే తిట్టేవాడు కాదు, దాని ముందు చేతులు కట్టుకుని దిగులుగా నిలబడేవాడు. అది తిట్టుకన్నా ఎక్కువ తగిలేది. ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి వాళ్ళ దేశపు ఫుట్‌బాల్. ఆఫీసు గోడకు ఒక చెక్క, దానికి పద్దెనిమిది మేకులు, ఒక్కో మేకుకూ ఒక్కో జట్టు పేరు రాసిన రేకుముక్క. ప్రతి శనివారం సాయంత్రం రేడియో విని, మర్నాడు పొద్దున్నే రేకులను కిందికీ మీదికీ మార్చేవాడు. ఏడాది చివర కింది మూడు జట్లనూ రెండో తరగతికి దింపేస్తారట. ఆ సంవత్సరమే ఆయన సొంత ఊరి జట్టు, ఎప్పుడూ పేరు వినని చిన్న ఊరిది, పైతరగతికి ఎక్కి వచ్చింది. ఆ సంతోషంలో ఆయన ఆఫీసువాళ్ళందరికీ తలా ఒక అట్టముక్క ఇచ్చి, ఏ జట్టు ఎన్నో స్థానంలో నిలుస్తుందో రాయమన్నాడు. ఎవరి జోస్యం నిజానికి దగ్గరగా ఉంటే, వచ్చే ఏడాది సెలవు ఎప్పుడు కావాలో వాళ్ళే ముందు కోరుకోవచ్చు.

సరిగ్గా ఆ వారమే ఊరి నుంచి క్యాసెట్ వచ్చింది. అప్పట్లో ఉత్తరం రాయడం కష్టమైనవాళ్ళు క్యాసెట్‌లో మాట్లాడి పంపేవాళ్ళు. అందులో మా మేనమామ గొంతు, వెనకాల ఒక కోడి కూత. "అల్లుడా, రెండు తాపల్ పెండ్లి ఆపిన. వచ్చే జ్యేష్ఠంల ముహూర్తం పెట్టిస్తున్న. అప్పటికి నువ్వు రాకుంటే పిల్లను వేరే ఇంటికి ఇచ్చుడే. నా మీద కోపం పెట్టుకోకు." పిల్ల అంటే మామ కూతురు. చిన్నప్పటి నుంచీ నాదే అనుకున్న పిల్ల. స్టోరు నుంచి ఒకసారి ఒక్కరికే సెలవు. మలయాళీ కూడా జ్యేష్ఠంలోనే పోతానంటే నా పెళ్ళి అంతే సంగతులు. నాకు నిజంగా ఏడుపొచ్చింది, బావ చూడకుండా స్నానాలగది వైపు వెళ్ళాను.

ఆ శుక్రవారం మా గది మొత్తం అట్టముక్క చుట్టూ కూర్చుంది. ఫుట్‌బాల్ ఎప్పుడూ చూడనివాళ్ళమే అందరం. మొదటి స్థానం మాత్రం చిటికెలో తేలిపోయింది. "ముదీర్ ఊరోళ్ళను పైన పెట్టు. ఇంటాయన ముందల ఇంటాయన బిడ్డను బాగలేదంటరా ఎవరన్న?" అన్నాడు బావ. చిక్కంతా కింది మూడు స్థానాలతోనే. దించేస్తారని చెప్పగానే అందరూ అట్టముక్కకు దూరంగా జరిగారు. మా క్యాంపులో ఖలాస్ అంటే ఉద్యోగం పోయి, పెట్టె సర్దుకొని ఇంటికి పోవడమే. "వాళ్ళకు పెండ్లాం పిల్లలు ఉండరార? మన చేతుల ఎందుకు రాస్తవు?" అన్నాడు బావ. చివరికి నేను కళ్ళు మూసుకొని మూడు పేర్ల మీద వేలు పెట్టాను. (వాటిలో ఒకటి ఆ ఏడు పైనుంచి రెండోదిగా నిలిచింది. నా వేలి మహిమ అంతటిది.)

తీరా చూస్తే ఆఫీసులో అందరి అట్టల మీదా ముదీర్ ఊరే మొదట. పాకిస్తానీ డ్రైవరుదీ అంతే, లెక్కలు చూసే బొంబాయి ఆయనదీ అంతే. ఒక్క మలయాళీ గుమస్తా మాత్రం దాన్ని అట్టడుగున రాశాడు. అదేం పని అని నేను అదిరిపోయి అడిగితే, "పూఛా తో సచ్ బోలా" (అడిగాడు, నిజం చెప్పాను) అని టీ ఊదుకుంటూ కూర్చున్నాడు. ముదీర్ అన్నీ చదివి గోడకు గుచ్చాడు.

ఇక ఆ ఏడాదంతా నా ప్రాణం ముదీర్ ఊరి రేకు మీదే. ప్రతి ఆదివారం అది ఒక మేకు దిగేది, నా పెళ్ళి ఒక మేకు దూరం జరిగేది. చలికాలానికే అది కింది వరుసకు చేరింది. మలయాళీతో ఒకే బల్ల దగ్గర పని చేస్తూ కూడా సెలవు మాట ఎత్తేవాణ్ణి కాదు. శత్రువు కదా. వాడు మాత్రం ఇంటి నుంచి వచ్చిన అరటికాయ చిప్స్ రోజూ నాకు పెట్టేవాడు. నేను కోపంగా తినేవాణ్ణి.

ఎండలు ముదిరాక, ఆఖరి శనివారం నాడు ముదీర్ ఊరి జట్టు ఓడి కిందికి పోయింది. మర్నాడు ఆయన రేకులు మార్చలేదు, ఆఫీసుకే రాలేదు. నిన్నటి నుంచి తిండి ముట్టలేదని వంటవాడు చెప్పాడు. సాయంత్రం డ్యూటీ దిగగానే బావ, "పోయి కూసోవాలె" అన్నాడు.

"బావా, ఎవరు సచ్చిపోలే. ఆటల ఓడిన్రు, అంతే."

"ఖలాస్ అయినోని దగ్గరికి పోయి కూసుంటమా లేదా? గిది గూడ గంతే. పొయ్యి ముట్టియ్యని ఇల్లది."

అన్నం, పచ్చిపులుసు క్యారియర్‌లో పెట్టుకొని అయిదారుగురం వెళ్ళాం. చెప్పులు విడిచి, ముదీర్ క్యాబిన్ ముందు ఇసుకలో వరసగా, తలలు వంచుకొని కూర్చున్నాం. పరామర్శకు పోతే ముందుగా మాట్లాడకూడదు కదా. తలుపు తీసిన ముదీర్ ముఖం తెల్లబడింది. పనివాళ్ళు పని మానేసి హర్తాళ్‌కు కూర్చున్నారనుకున్నాడు పాపం. జీతమా, తిండా, ఏమిటి సమస్య అని గబగబా అడిగాడు. అందరూ నన్నే చూశారు. నేను లేచి, నాకొచ్చిన ఇంగ్లీషులో, "నో ప్రాబ్లం సార్. యువర్ టీమ్ ఎక్స్‌పైర్డ్. వుయ్ సిట్" అన్నాను.

ఆయన మా చెప్పులనూ, క్యారియర్‌నూ చూశాడు. తర్వాత మెట్టు మీద కూర్చున్నాడు. బావ క్యారియర్ విప్పి ముందు పెడితే, పచ్చిపులుసు కప్పులో పోసుకొని టీలాగా తాగాడు. తాగడం అయ్యాక నా వైపు తిరిగి, మా ఊరు మొదట వస్తుందని నిజంగా నమ్మావా అని అడిగాడు. బావ నా వీపు మీద పొడిచి, "చెప్పురా, పెండ్లి ముచ్చట చెప్పు" అన్నాడు. మామ క్యాసెట్ దగ్గర నుంచి అంతా చెప్పేశాను. ముదీర్ ఆశ్చర్యపోయి, గుమస్తా వాళ్ళ ఓనం పండగకు సెలవు అడిగాడనీ, జూన్ నెల ఎవరూ అడగనే లేదనీ, ఏడాది పొడుగునా తన తలుపు తెరిచే ఉంది కదా, ఎందుకు అడగలేదనీ అన్నాడు.

అది బావకు తెలుగులో చెప్పాను. బావ ముదీర్ వైపు తిరిగి, "అడిగినంక కాదంటే, ఇంక ఆశ ఉండదు గద సార్. అందుకే అడుగలే" అన్నాడు.

ఆ మాటను ఇంగ్లీషులో పెట్టడానికి నేను చాలా తంటాలు పడ్డాను. ఎలాగో అర్థమైంది ఆయనకు. నిన్న ఆట ముగిసే ముందు తను కూడా రేడియో కట్టేసి కూర్చున్నానన్నాడు, మెల్లగా. మర్నాడు నా సెలవు కాగితం మీద సంతకం పెట్టి, ఆ తర్వాతే గోడ మీది రేకును కింది మేకుకు తగిలించాడు.

జ్యేష్ఠంలో నా పెళ్ళయింది. ఈ కథంతా చెబితే మా ఆవిడ నవ్వలేదు. "మన పెండ్లి కోసం వాళ్ళు కిందికి పోయినట్టున్నది" అని బాధపడింది. అప్పటి నుంచి ప్రతి పెళ్ళిరోజుకూ ఒకటే ప్రశ్న: "ఆ పిలగాండ్లు మల్ల పైకెక్కిన్రా?" ఆ పిలగాండ్లకు ఇప్పుడు డెబ్బై దాటి ఉంటాయి. మనవడి ఫోన్‌లో ఆ ఊరి పేరు కొడితే క్షణంలో తెలిసిపోతుందని నాకూ తెలుసు. ఎందుకో ఇంతవరకూ కొట్టమనలేదు.

"ఈసారి ఎక్కుతరు" అంటాను.